గాజుల సైగ

ఏడు ఆదివారాలు నా తమ్ముడు నితీష్ నా గడప తొక్కలే. ఇరవై మూడేండ్లల్ల గిట్ల ఎన్నడు కాలే. తెల్లాపూర్ల వాని కిరాయి రూము, మూసాపేటల మా ఇల్లు. సాఫ్ట్‌వేర్ నౌకరొచ్చి వేరే ఉండవట్టి ఐదేండ్లయినా, ఆదివారం పదకొండు కొట్టెవరకు వాని బండి మా గల్లీల ఆగేది. పప్పు, బెండకాయ ఏపుడు తినేటోడు. తిన్నంక నా కుట్టుమిషన్ పక్కన కింద కూసొని, నా గుండీల డబ్బా కుమ్మరిచ్చి, రంగుకు రంగు, రెండు బొక్కలయి ఒక దిక్కు, నాలుగు బొక్కలయి ఒక దిక్కు పెట్టేటోడు. నేను బ్లౌజులు కుట్టుకుంట గల్లీ ముచ్చట్లన్ని చెప్పేదాన్ని. వాడు మధ్యమధ్యల మొఖమెత్తి నవ్వేటోడు. మూడింటికి లేచి పోయేటోడు. గంతే. గా గంత దానికే నేను వారమంత ఎదురుచూసేదాన్ని.

ఇప్పుడేమో ఫోన్ చేస్తే ఎత్తడు. మెసేజ్ పెడ్తే రెండే ముక్కలు: "బాగున్న. రాను."

ఇదంత ఆ కొండాపూర్ మేడం చేసిందేనని నాకు గట్టి నమ్మకం. వాసంతి అని, మాటలతోని వైద్యం చేస్తదట. ఆఫీసుల ఏదో లొల్లయితే వాళ్ళే వీన్ని ఆమె కాడికి పంపిండ్రు. ఆమె పరీక్షలు పెట్టి, నీకు ఆటిజం ఉన్నదని చెప్పిందట. ముప్పై ఒక్క ఏండ్లొచ్చినంక! చదువు చదివిండు, నౌకరి చేస్తున్నడు, వాని బట్టలు వాడే ఉతుక్కుంటడు. ఆటిజమట! నాకు ఒళ్ళు మండింది.

ఎనిమిదో వారం వాడే మెసేజ్ పెట్టిండు. "అక్కా, శనివారం నాలుగింటికి మేడం కాడికి వస్తవా? నీతోని మాట్లాడాలె. అక్కడైతేనే మాట్లాడగల్గుత."

"సొంత అక్కతోని మాట్లాడనీకి ఇంకొకళ్ళ జాగ కావాల్నా?" అని మా ఆయన నర్సింహ మీద ఎగిరిన. ఆయన జీడిమెట్ల మందుల కంపెనీల షిఫ్టు చేసొచ్చి అప్పుడే అన్నం కాడ కూసున్నడు. "పిలిచిండు కదా, పో. పొయ్యి జర నోరు అదుపుల పెట్టుకో" అన్నడు. నా నోరు నా అదుపుల ఎప్పుడున్నది గనక!

అమీర్‌పేటల మెట్రో మారి, హైటెక్ సిటీల దిగి, ఆటో పట్టుకొని పోయిన. ఆ మేడాన్ని ఏమేం అనాల్నో తొవ్వ పొడుగున నెమరేసుకున్న. రెండో అంతస్తుల చిన్న రూము. ట్యూబులైటు లేదు, మూలకొక చిన్న బల్బు. కుర్చీలు ఎదురెదురుంగ గాక అన్ని కిటికీ దిక్కే తిప్పి ఉన్నయ్. నితీష్ ఒక కుర్చీల కూసొని కిందికి చూసుకుంట, వేళ్ళ మధ్యల ఏదో తిప్పుతున్నడు. ఎనిమిది వారాలకు చూస్తున్న. సన్నగయిండు. నాకు కోపమంత యాడికి పోయిందో, "ఏం రా బిడ్డా" అని చెయ్యి చాపిన.

నా గాజులు రెండుసార్లు గల్లుమన్నయ్. వాడు తలెత్తిండు, నా మొఖం దిక్కు సూటిగ చూసిండు, నవ్విండు.

"చూడు మేడం, చూడు!" అన్న. "నా తమ్ముడు ఎంత మంచిగ నవ్వుతున్నడో. వీనికి రోగమంటివి కదా నువ్వు?"

మేడం నా దిక్కు చూడలే, నా చేతి దిక్కు చూసింది. వాని నవ్వు స్విచ్చి బందు చేసినట్టు పోయింది.

"అక్కా," అన్నడు, మళ్ళ కిందికి చూసుకుంట. "ఇప్పుడు నేను నవ్వలే. నీ గాజులు నవ్విచ్చినయ్."

ఆ మాట మీకు తెల్వాలంటే ఎనకటి సంగతి చెప్పాలె.

మమ్ముల కన్న మా అవ్వ సత్తెమ్మ పోయిననాడు వీనికి ఎనిమిదేండ్లు, నాకు ఇరవై ఒకటి. నా పెండ్లయి ఏడాది గాలే. నాయిన అంతకుముందే లేడు. నేను వీన్ని చంకల పెట్టుకొని అత్తగారింటికి తెచ్చుకున్న. వాడు ఎవ్వరి మొఖం చూడడు. పిలిస్తే పలుకడు. డప్పు చప్పుడైతే చెవులు మూసుకొని మంచం కిందికి దూరుతడు. ఇంటికెవరొచ్చినా "వీడేంది గిట్లున్నడు" అనుడే. మా ఆడబిడ్డ మల్లమ్మ, మా ఆయనకు అక్క, ఒకనాడు నలుగుట్ల అనేసింది. "మనిషి లెక్క ఉంటే ఉంచుకో కనకా. లేకుంటే హాస్టల్ల ఏద్దాం."

ఆ రాత్రంత ఏడ్సి, తెల్లారి వీనికి గాజుల సైగ నేర్పిచ్చిన. గాజులు ఒకసారి మోగిస్తే, ఎదుటి మనిషి మొఖం చూడాలె. రెండుసార్లయితే నవ్వాలె. మూడుసార్లయితే "తిన్నరా" అని అడగాలె. వాడు నెల రోజుల్ల పట్టేసిండు. సుట్టాలొస్తే నేను కొంగు సర్దుకున్నట్టు చెయ్యి ఊపేదాన్ని, వాడు నవ్వేటోడు. "పిల్లగాడు మంచిగయిండు" అన్నరు. హాస్టల్ ముచ్చట ఆగిపోయింది. అవ్వ తోడు, నా బతుకుల నేను చేసిన తెలివైన పని గదేనని ఇన్నేండ్లు గర్వంగున్న.

ఒక్కసారి మాత్రం ఎదురు తన్నింది. మా చిన్నమామ దినాల నాడు ఆడోళ్ళంత ఏడుస్తుంటే, నేను ఇస్తార్లు అందిచ్చుకుంట గాజులు రెండుసార్లు మోగిచ్చిన్నేమో, వీడు నలుగుట్ల పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు. ఇంటికొచ్చి రెండు తగిలిచ్చిన. తప్పు నాదని అప్పుడు తట్టలే.

ఇగ ఆ రూములకు వద్దాం. నితీష్ ఫోన్ తీసి, "రాసుకున్న అక్కా. చదువుత. మధ్యల ఆపకు" అన్నడు. చదివిండు.

వాళ్ళ ఆఫీసుల ఎవరి కుర్చీ వాళ్ళకు ఉండదట. రోజుకొక జాగల కూసోవాలె. పోయిన చలికాలం వాని పక్కన రసజ్ఞ అని ఒక పిల్ల కూసునుడు షురూ చేసింది. కొత్తగ పెండ్లయింది, మోచేతుల దాక గాజులు. ఆమె కీబోర్డు కొట్టినప్పుడల్ల గాజులు మోగేటియి. మోగినప్పుడల్ల వీడు తలెత్తి ఆమె మొఖం చూసేటోడు, నవ్వేటోడు. మూడుసార్లు మోగితే "తిన్నరా" అని అడిగేటోడు. పొద్దుగాల పది గంటలకు, సాయంత్రం ఐదు గంటలకు, రోజుకు ముప్పై సార్లు. ఆ పిల్ల భయపడ్డది. ఎందుకు భయపడదు? నన్నెవడన్న గట్ల చూస్తే నేను చెప్పు తీస్త. ఆమె పై ఆఫీసర్లకు రాసిచ్చింది. వాళ్ళు వీన్ని పిలిచి ఎందుకు చూస్తున్నవంటే, వీనికి జవాబు తెల్వలే. వానికే తెల్వదు ఎందుకు చూస్తున్నడో. నౌకరి పోయేకాడికొచ్చింది.

మేడంతోని నాలుగు వారాలు మాట్లాడినంక వానికి సమజైందట, అది గాజుల చప్పుడని. అప్పుడు ఉన్నదున్నట్టు కాయితం మీద రాసిచ్చిండు. రసజ్ఞ అది చదివి, "ముందే చెప్తే నేనే సీటు మారేదాన్ని కదా" అన్నదట. ఇప్పుడు వీనికి గోడ పక్కన ఒక్కటే కుర్చీ ఇచ్చిండ్రు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోమన్నరు, పని ఏదున్నా రాసి పంపుతున్నరు.

"నీ ఇంటికి వచ్చినంక సోమవారం నేను మంచం మీదికెళ్ళి లేవలేను అక్కా," అని చదివిండు. "నువ్వంటే ఇష్టం లేక కాదు. నువ్వు మిషన్ తొక్కుతుంటే గాజులు ఊకనే మోగుతయ్. ఏది సైగనో, ఏది ఊకనే చప్పుడో నాకు తెల్వది. అందుకే అన్నిటికి నవ్వుత. నాలుగు గంటలు నీ చేతుల మీదనే చెవి పెట్టుకొని ఉంట."

"అంటే," అన్న నేను. "ఆదివారాలు నువ్వు నవ్వింది నా ముచ్చట్లకు కాదా?"

వానికి అబద్ధమాడుడు రాదు. "కాదు" అన్నడు.

నేను లేచి నిలబడ్డ. "అంటే నేనే వీన్ని ఖరాబు చేసిన్నా? నేను గాజులు కొట్టకపోతే వీడు ఏ హాస్టల్ల పడి ఉండెనో మీకెవరికన్న తెల్సా? ఏసీ రూములల్ల కూసొని చెప్పొచ్చు మేడం నువ్వు!" అని నోటికొచ్చినట్టు అన్న.

ఆ మేడం కోస్తా దిక్కు మనిషి, మాటకొక అండి పెడ్తది. కోపానికి రాలే. "మీరు తప్పు చేశారని నేను అనడం లేదండి," అన్నది. "ఆ ఇంట్లో, ఆ వయసులో మీకు దొరికిన దారి అదొక్కటే. కానీ ఒక్క విషయం కనకలక్ష్మి గారూ. ఆటిజం తగ్గించాల్సిన జబ్బు కాదండి. నితీష్ గారు పుట్టడమే అలా పుట్టారు. ఆయన్ని మార్చడానికి నేనిక్కడ కూర్చోలేదు. మారినట్టు కనపడటానికి ఇన్నేళ్ళూ పడ్డ కష్టం ఆయన్ని ఎంత అలసిపోయేలా చేసిందో, ముందు అది చూస్తున్నాం."

"మరి నేనేం చెయ్యాలె? అక్కను గాకుంట పోవాల్నా?"

దానికి నితీష్ జవాబు చెప్పిండు, ఫోన్ల చూడకుంట. "అక్కా, చిన్నప్పుడు నా అంగీల కాలరు కాడ లేబుల్ ఉంటే నేను గీక్కొని గీక్కొని ఏడ్సేటోన్ని. నువ్వు నన్ను ఓర్సుకోమన్లే. కత్తెర తీసుకొని లేబుల్ ఇడగొట్టినవ్. ఇప్పటికి ప్రతి కొత్త అంగీకి ఇడగొట్టి ఇస్తవ్. నాకు గట్ల కావాలె."

అవును, ఇడగొట్టిన. ఎవరన్న చెప్తే చేసిన్నా? పిల్లగానికి గుచ్చుకుంటుంది, తీసేసిన. గప్పుడే చూసిన, వాని వేళ్ళల్ల తిరుగుతున్నది నా డబ్బాల తెల్ల గుండీ. నాలుగు బొక్కలది.

ముగ్గురం కూసొని ఒక ఒప్పందం చేసుకున్నం. వచ్చే నెల మా బస్తీ బోనాలు. వాడు పదకొండింటికి వస్తడు, తింటడు, డప్పులు షురూ గాకముందే పోతడు. ఇన్నేండ్లు నేను సైగ చేసిన, ఇగ సైగ వాడు చేస్తడు. నీళ్ళ గ్లాసు బోర్లా పెట్టిండంటే వానికి ఇగ చాలైనట్టు. ఇంకొక నిమిషం కూడ ఓపిక లేనట్టు. అప్పుడు నేను వాన్ని పోనియ్యాలె.

"ఎవ్వరేమన్నా సరే అక్కా," అన్నడు. "పోనిస్తే మళ్ళ వస్త. ఆపితే నేను రాలేను. బెదిరిస్తలేను. నిజంగనే రాలేను."

ఇంటికొచ్చి గాజులు తీద్దామని చెయ్యి మీద చెయ్యి పెట్టిన. మనసొప్పలే. మా ఆయన బంగారం లెక్క ఉన్నడు, ఉత్త చేతులేసుకొని బోనమెట్ల ఎత్తుత? లైనింగ్ గుడ్డ సన్నగ చీరి, ఏ చేతి గాజులు ఆ చేతికే కలిపి చుట్టిన. మా ఆయన చూసి "చెయ్యి ఇరిగిందా?" అన్నడు. చెప్పిన.

బోనాల నాడు నితీష్ పదకొండింటికే వచ్చిండు. మల్లమ్మ వదినె అంతకు ముందే వచ్చి నడింట్ల కుర్చీ ఏసుకున్నది. మా ఆయన దిక్కు సుట్టాలు ఇంకొక పదిమంది. పన్నెండున్నరకు బంతి కూసున్నరు. మటన్ కూర వడ్డిస్తున్న. నితీష్ గోడ పక్కన, కిందికి చూసుకుంట మంచిగనే తింటున్నడు. నా ప్రాణమంత ఆ గ్లాసు మీదనే ఉన్నది.

"ఏందిరా నితీషు," అన్నది వదినె. "పెద్దోళ్ళు ఎదురుంగుంటే మొఖమెత్తి చూడవా? నీకొక సంబంధం తెచ్చిన. పిల్ల డిగ్రీ చదివింది. గిట్ల నేల చూపులు చూస్తే ఎవరిస్తరురా పిల్లను?"

నలుగురు నవ్విండ్రు. వాడు ముద్ద కలుపుడు ఆపిండు.

"కనకా, నీ తమ్ముడు మళ్ళ మొదటికొచ్చిండే! మంచిగుండె కదా. నవ్వేటోడు, తిన్నరా అని అడిగేటోడు. ఏమైంది వీనికి? ఓ పిలగా, నిన్నే!"

నా కుడి చెయ్యి దానంతటదే లేచింది. ఇరవై మూడేండ్ల అలవాటు. గుడ్డ చుట్టి ఉంది గనక మోగలే. ఎడమ చేత్తోని గుడ్డ లాగేస్తే అయిపోతది. రెండు సార్లు ఊపితే వాడు నవ్వుతడు. మూడుసార్లు ఊపితే "తిన్నరా వదినె" అంటడు. అందరు సల్లవడ్తరు. నా మర్యాద నాకుంటది. వాడు మళ్ళ నా ఇంటికి రాడు.

నితీష్ గ్లాసుల ఉన్న నీళ్ళు తాగిండు. గ్లాసు బోర్లా పెట్టిండు.

ఇస్తారిల సగం అన్నం అట్లనే ఉన్నది. మా ఇంట్ల బంతి మధ్యల ఎవ్వరు లేవరు. బోనాల నాడు అస్సలు లేవరు, అమ్మవారికి అపచారం అంటరు. వాడు నా దిక్కు చూడలే. గ్లాసు దిక్కు చూసుకుంట కూసున్నడు.

"లే బిడ్డా," అన్న. "చెయ్యి కడుక్కొని పో."

"అన్నం కాడికెళ్ళి లేపుతున్నవా?" వదినె గొంతు గల్లీ దాక పోయింది. "కూసోమను వాన్ని!"

కూర గంటె కింద పెట్టిన. "వదినె, మనిషి లెక్క ఉంటేనే ఈ ఇంట్ల ఉంచుకో అన్నవ్ ఆనాడు. నీకు భయపడి పసిపిల్లగాన్ని ఆడిచ్చిన నేను. వాడు అప్పుడు గూడ మనిషే. నీకు కనవడలే, నాకు కనవడలే. ఇగ నా తమ్మున్ని ఎవ్వరు నవ్వమనద్దు, చూడమనద్దు. నా ఇంట్ల వాడు ఎట్లుంటే అట్లనే ఉంటడు."

మా ఆయన లేచిండు. అక్కను పట్టుకొని గిట్లంటవా అని నా మీదికొస్తడేమో అనుకున్న. ఆయన వాకిట్లకు పోయి, అడ్డమున్న సుట్టాల బండ్లు జరిపి, నితీష్ బండికి తొవ్వ చేసిండు. వాడు పోయిండు. వదినె చెయ్యి కడుక్కొని, ఈ ఇంట్ల ఇగ మెతుకు ముట్టనని, బోనం చూడకుంటనే ఆటో ఎక్కింది. గామె మాట గామె నిలబెట్టుకున్నది, ఇప్పటిదాక రాలే. నాకు బాధ లేదంటే అబద్ధమైతది. వంటింట్లకు పోయి మస్తు ఏడ్సిన.

రెండింటికి మెసేజ్ వచ్చింది. "రూముకు చేరిన. వచ్చే ఆదివారం వస్త. అన్నం సగమే తిన్న, బెండకాయ చెయ్యి."

వచ్చిండు. ఆ వారం, ఆ తర్వాత వారం, ఒక్క ఆదివారం తప్పలే. గ్లాసు ఇంకొక నాలుగైదుసార్లు బోర్లా పడ్డది. ఒకసారి నా ముచ్చట్లకే పడ్డది! కోపమొచ్చింది, కని నోరు మూసుకున్న. నెలకొకసారి మేడం కాడికి ఇద్దరం పోతున్నం. ఆమె ఒకనాడు, "గుడ్డ విప్పి చూద్దామా అండి? నితీష్ గారికి సరే అయితేనే" అన్నది. వాడు రెండు వారాలు ఆలోచన చేసి, సరే అన్నడు.

దసరా దాటినంక ఒక ఆదివారం. మిషన్ మీద కూసొని బ్లౌజుకు చేతులు అతుకుతున్న. గాజులు గలగలమంటున్నయ్, ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. దొంగచూపు చూసిన. వాడు కింద గుండీలు ఏరుకుంటున్నడు. తల ఎత్తలే. నవ్వలే. "రెండు బొక్కలయి తక్కువైనయ్ అక్కా" అన్నడు, గుండీల దిక్కే చూసుకుంట.

దారం తెగింది. మిషన్ ఆపి, చేతులు ఒళ్ళె పెట్టుకొని, మా గల్లీల కిరాణం షాపాయన ముచ్చట చెప్పిన, కొత్తగ తెచ్చిన తరాజు మీద తన కడుపు ఆనిచ్చి అందరికి వంద గ్రాములు ఎక్కువ చూపిస్తున్నడని. చెప్పి, సూదిల దారం ఎక్కిచ్చుకుంటున్న.

కిందికెళ్ళి కిసుక్కుమని చప్పుడైంది. వాడు నవ్వుతున్నడు. నా దిక్కు చూడకుంట, గుండీల మీద వంగి, భుజాలు ఊగంగ నవ్వుతున్నడు. ఆ నవ్వు నేను ఎన్నడు చూడలే, జర వంకరగుంది, మా అవ్వ నవ్వు లెక్కనే. నా చేతులు సూది మీదనే ఉన్నయ్. గాజులు మోగలే.